ఆరేళ్లుగా కప్పుకుంటున్న సుంబా హింగ్గి

2019లో ఇండోనేషియాలోని సుంబా దీవికి వెళ్లినప్పుడు, వాయింగాపు పక్కనే ఉన్న ప్రయిలియులో, నేసినావిడ దగ్గరే ఈ హింగ్గి, అంటే నూలుకు ముందే ముడులు కట్టి రంగులద్ది నేసే ఇకత్ బట్ట, కొన్నాను. 30 లక్షల రూపియాలు, అప్పటి లెక్కన మన డబ్బుల్లో దాదాపు 15 వేలు. అక్కడి మగవాళ్లు ఒకటి నడుముకు చుట్టుకుని, ఇంకొకటి భుజాన వేసుకుంటారు. నేను చలికాలం శాలువాగా, రైల్లో దుప్పటిగా వాడుతున్నాను.

దీని ఎరుపు చూసే మనసు పడ్డాను. అది నోని చెట్టు వేరు బెరడుతో వేసిన రంగు. ముందు నూలుకు కెమిరి అనే చెట్టు గింజల నూనె పట్టిస్తారు. రంగులో లోబా అనే చెట్టు ఆకుల పొడి కలుపుతారు. ఆ ఆకుల్లోని అల్యూమినియమే రంగును దారానికి పట్టి ఉంచుతుంది. మన పుట్టపాకలో తేలియా రుమాలు నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్లలో నానబెట్టడం చూసినవాళ్లకు ఈ ఓపిక కొత్త కాదు. ఇప్పటికి పాతికసార్లు ఉతికి ఉంటాను, ఎరుపు నీళ్లలోకి దిగలేదు. కాస్త ఇటుక రంగుకు తిరిగింది, అదీ అందంగానే ఉంది.

నీలం మాత్రం ఏడిపించింది. మొదటి ఏడాది తెల్లచొక్కా భుజం మీద నీలిమందు అంటుకునేది. ఉప్పునీళ్లలో పెట్టినా ఆగలేదు. చన్నీళ్లలో నాలుగైదుసార్లు బాగా జాడించాక తగ్గింది. ఇప్పుడు కుంకుడు రసంతోనే ఉతుకుతున్నాను. ఒకసారి మే నెల ఎండలో డాబా మీద మరిచిపోతే మడత పొడవునా తెల్లటి గీత పడింది, అది ఇక పోదు. నీడలోనే ఆరేయండి.

నడుముకు కట్టుకుని నేసే మగ్గం మీద ఇంత వెడల్పు రాదు కాబట్టి రెండు ముక్కలు కలిపి కుడతారు. మూడో ఏడు ఆ నడిమి కుట్టు జానెడు విడిపోయింది. రెండు వైపుల గుర్రాల బొమ్మలూ సరిగ్గా కలిసేలా చేత్తోనే కుట్టించాను. కొసల్లో అడ్డంగా నేసిన కబాకిల్ పట్టీ మాత్రం చెక్కుచెదరలేదు.

అంతకుముందు బాలిలో ఒక షాపులో సహజ రంగు అని నమ్మి ఒకటి కొంటే, మొదటి ఉతుకుకే బకెట్ గులాబీ రంగైంది. అచ్చు వేసిన గుడ్డయితే వెనక్కి తిప్పితే తెలిసిపోతుంది, ఇకత్ రెండు వైపులా ఒకేలా ఉంటుంది. రసాయన రంగును కంటితో పట్టుకోవడం కష్టం. వీలైతే రంగు వేసే చోటికే వెళ్లి కొనండి.

చొక్కా కుట్టించుకోవడానికి ఇది పనికిరాదు, మందం ఎక్కువ. కప్పుకోవడానికైతే నేను ఇంకోటి కొంటాను. ఈసారి నీలం తక్కువ, ఎరుపు ఎక్కువ ఉన్నది.