హాంబర్గ్‌లో ఇంటిని కొద్ది రోజులకు అద్దెకివ్వడం: నగర ప్రభుత్వ నమోదు సేవపై సమీక్ష

జర్మనీలో ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగు కుటుంబాలు సంక్రాంతికో, దగ్గరివాళ్ల పెళ్లికో ఐదారు వారాలు స్వదేశానికి వెళ్లినప్పుడు, ఖాళీగా ఉండే ఫ్లాటును ఎయిర్‌బీఎన్‌బీ వంటి వేదికల ద్వారా పర్యాటకులకు ఇచ్చి ఆ నెల అద్దె భారాన్ని కొంత తగ్గించుకోవాలనుకోవడం సహజం. హాంబర్గ్‌లో ఆ పని చట్టబద్ధంగా చేయదలచినవారికి ‘వోన్‌రౌమ్‌షుట్జ్‌నుమ్మర్’ అనే నమోదు సంఖ్య తప్పనిసరి. నివాస గృహాలు కాలక్రమేణా హోటళ్లుగా మారిపోకుండా కాపాడే చట్టం కింద నగర ప్రభుత్వం దానిని జారీ చేస్తుంది.

సేవగా చూస్తే దీనిలో మెచ్చుకోవలసినది చాలా ఉంది. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే చేసుకోవచ్చు, రుసుము లేదు. మనం స్వయంగా కాపురముంటున్న ఇంటిని క్యాలెండర్ సంవత్సరంలో మొత్తం 8 వారాలకు మించకుండా ఇచ్చేటట్లయితే విడిగా అనుమతి కోరనవసరం లేదు. 2019 ఏప్రిల్ 1 నుంచి ఈ సంఖ్య ప్రతి ప్రకటనలోనూ కనిపించి తీరాలి. అయితే సంఖ్య చేతికి రాగానే పని పూర్తయిందనుకోవడం పొరపాటు. అతిథి దిగిన ప్రతిసారీ, బస మొదలైన పదవ రోజులోగా ఆ వివరాన్ని అధికారులకు తెలియజేయాలి. ఊరికి దూరంగా, మరో దేశంలో ఉన్నవారు ఎక్కువగా మరచిపోయే అవకాశమున్నది ఈ బాధ్యతనే. ఉల్లంఘనలకు జరిమానా 5,00,000 యూరోల వరకు విధించే అధికారం చట్టంలో ఉంది కనుక దీనిని తేలికగా తీసుకోరాదు.

బెర్లిన్ పద్ధతితో పోల్చినప్పుడు హాంబర్గ్ సౌలభ్యం మరింత స్పష్టమవుతుంది. అక్కడ ప్రధాన నివాసాన్ని మొత్తంగా పర్యాటకులకు ఇవ్వాలంటే ముందుగా ‘బెజిర్క్‌సామ్ట్’, అనగా మన ప్రాంతపు జిల్లా కార్యాలయం నుంచి అనుమతి పొందాలి; రెండవ ఇల్లయితే సంవత్సరానికి 90 రోజుల పరిమితి ఉంది. మ్యూనిక్‌లో 8 వారాల వరకు అనుమతి అక్కరలేదు. కొలోన్‌లో ఆ గడువు 90 రోజులు, విద్యార్థుల నివాసాలకైతే 180 రోజులు. సెలవుల్లో ఇంటికి వచ్చే మన విద్యార్థులకు ఇది ఉపయోగపడే వెసులుబాటు. ఒక నగరంలోని మిత్రుడు చెప్పిన నియమాన్ని మరో నగరంలో పాటించడం ఎంత ప్రమాదమో ఈ తేడాలే చెబుతాయి.

ఇంత సులువైన సేవను గురించి నాకున్న ప్రధానమైన ఆందోళన వేరొకటి. నగర ప్రభుత్వం ఇచ్చే సంఖ్య మనకూ ప్రభుత్వానికీ మధ్య వ్యవహారాన్ని మాత్రమే చక్కబెడుతుంది. ఇంటి యజమానితో మనం కుదుర్చుకున్న అద్దె ఒప్పందాన్ని అది ఏమాత్రం మార్చదు. జర్మన్ పౌర చట్టం ప్రకారం అద్దెకున్నవారు ఇంటిని మరొకరికి ఇవ్వాలంటే యజమాని సమ్మతి అవసరం. ఉప అద్దెకు ఇచ్చుకోవచ్చునని యజమాని ఎప్పుడో సాధారణంగా అంగీకరించి ఉన్నా, రోజుల లెక్కన పర్యాటకులకు ఇవ్వడం ఆ అంగీకారంలోకి రాదని జర్మనీ సమాఖ్య న్యాయస్థానం 2014 జనవరి 8న ఒక బెర్లిన్ కేసులో స్పష్టం చేసింది. సమ్మతి లేకుండా ఇచ్చినవారు ఫ్లాటునే పోగొట్టుకోవలసి రావచ్చు. ఇల్లు దొరకడమే గగనమైన హాంబర్గ్‌లో ఆ నష్టాన్ని కొన్ని వారాల ఆదాయం పూడ్చలేదు.

కనుక ఈ సేవను నేను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను, కాని ఒక క్రమంలో: పర్యాటకులకు ఇవ్వబోతున్నట్లూ, ఏ తేదీల మధ్య ఇవ్వబోతున్నట్లూ స్పష్టంగా పేర్కొంటూ యజమాని నుంచి రాతపూర్వక సమ్మతి తీసుకోవాలి; అది చేతికందిన తరువాతే సంఖ్యకు దరఖాస్తు చేయాలి; అప్పుడే ప్రకటన పెట్టాలి. అద్దె ఆదాయాన్ని పన్ను రిటర్నులో చూపడం కూడా ఈ పనిలో భాగమే.