జిల్లా సెన్సస్ హ్యాండ్‌బుక్ 2011: ఊరి కోసం ఏదైనా అడగాలంటే ముందు ఇది తెరవండి

మా ఊరికి పొద్దున పూట ఒక బస్సు కావాలని అర్జీ రాద్దామని నలుగురం కూర్చున్నాం. ఊళ్ళో ఎంతమంది ఉన్నారన్న దగ్గరే ఆగిపోయాం. ఒకరు మూడు వేలంటారు, ఇంకొకరు అయిదు వేలంటారు. ఊరివారీ లెక్కల ఎక్సెల్ అమ్ముతామన్న ఒక సైటుకి డబ్బు కట్టాను, దాని పేరు రాయను గానీ అందులో ఆడ, మగ కలిపితే మొత్తానికి సరిపోలేదు. తర్వాత తెలిసింది, అసలు లెక్క సెన్సస్ (జనాభా లెక్కల) వాళ్ళ సైట్లోనే, జిల్లా సెన్సస్ హ్యాండ్‌బుక్ అనే పుస్తకంగా, జిల్లావారీగా పీడీఎఫ్ రూపంలో ఉచితంగా ఉందని. దయచేసి ఎవరికీ డబ్బు కట్టకండి.

పుస్తకం రెండు భాగాలు. పార్ట్ ఎ అంటే ఊళ్ళో ఏముందీ ఏం లేదూ: బడి, ఆస్పత్రి, బస్సు, పోస్టాఫీసు, తాగునీళ్ళు. ఊళ్ళో లేకపోతే దగ్గర్లో ఎక్కడుందో ఒక అక్షరంతో చెబుతుంది, 5 కిలోమీటర్ల లోపైతే ఎ, 5 నుంచి 10 అయితే బి, ఇంకా దూరమైతే సి. మా ఊరి వరసలో ఒకచోట ఆ సి అక్షరం కనపడగానే అర్జీలో సగం పని అయిపోయినట్టే అనిపించింది, ఎందుకంటే అది మనం ఏడ్చి చెప్పే మాట కాదు, ప్రభుత్వమే అచ్చు వేసిన మాట. పార్ట్ బి మనుషుల లెక్క: కుటుంబాలు, ఆడ, మగ, 0 నుంచి 6 ఏళ్ళ పిల్లలు, ఎస్సీ, ఎస్టీ, చదువు వచ్చినవాళ్ళు, పనిచేసేవాళ్ళు, వాళ్ళలో రైతులెందరు కూలీలెందరు. పేర్లు ఎక్కడా ఉండవు. 1948 సెన్సస్ చట్టం ప్రకారం మనం చెప్పిన వివరాలు రహస్యం, బయటికొచ్చేది మొత్తాలే.

ఈ పుస్తకం మీద నాకు గౌరవం ఎందుకంటే, అందులో ఒక అంకె పుట్టడం నేను కళ్ళారా చూశాను. 2011 ఫిబ్రవరిలో, కల్లాల్లో మిరపకాయలు ఎండుతున్న రోజుల్లో, ఎన్యూమరేటర్‌గా, అంటే జనాభా లెక్క రాసుకోవడానికి, వచ్చిన మేస్టారు మా అరుగు మీద కూర్చుని ఫారం నింపుతున్నారు. అమ్మ ఏం పనిచేస్తుందని అడిగితే నాన్న "ఏముందండీ, ఇంట్లోనే ఉంటుంది" అన్నారు. అమ్మ అప్పుడే కోత నుంచి వచ్చి, మంట పుడుతున్న చేతులకి కొబ్బరినూనె రాసుకుంటోంది. మేస్టారు ఆ చేతుల వంక చూసి, "అమ్మా, పోయిన ఏడాది కూలికి ఎన్నాళ్ళు వెళ్ళారు?" అని నేరుగా తననే అడిగారు. కలుపుకి ఇన్నాళ్ళు, పత్తి తీతకి ఇన్నాళ్ళు, మిరపకోతకి ఇన్నాళ్ళు అని వేళ్ళు మడిచి లెక్కపెడితే దాదాపు అయిదు నెలలు వచ్చింది. ఏడాదిలో 6 నెలలు, ఆ పైన చేస్తే మెయిన్ వర్కర్, తక్కువైతే మార్జినల్ వర్కర్. అందుకని ఈ పుస్తకంలో మా ఊరి మార్జినల్ వ్యవసాయ కూలీల్లో, ఆడవాళ్ళ గడిలో, మా అమ్మ ఉంది. ఆ రెండో ప్రశ్న అడక్కపోతే ఏ పనీ చేయనివాళ్ళ గడిలో పడేది. ఇలాంటి అరుగులు దేశం మొత్తం మీద ఎన్ని ఉంటాయో! ఆ పనికి సుమారు 27 లక్షల మంది ఇల్లిల్లూ తిరిగారు, ఫిబ్రవరి 28 రాత్రి రోడ్డు మీద పడుకున్నవాళ్ళని కూడా లెక్క రాశారు, మార్చి 1 నుంచి 5 వరకు మళ్ళీ వచ్చి మధ్యలో పుట్టినవాళ్ళని కలిపి పోయినవాళ్ళని తీసేశారు.

ఇబ్బందులూ ఉన్నాయి. ఇందులో ఊరంటే రెవెన్యూ గ్రామం, పంచాయతీ కాదు. మీది శివారు పల్లె అయితే విడిగా దొరకదు, పెద్ద ఊరి అంకెలో కలిసిపోయి ఉంటుంది. పైగా ఇవి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని పాత 23 జిల్లాల పుస్తకాలు. పల్నాడు జిల్లా అని వెతికితే రాదు, గుంటూరు తెరవాలి. కుక్కునూరు ఇప్పుడు ఏలూరు జిల్లాలో ఉన్నా దాని లెక్క ఖమ్మం పుస్తకంలో ఉంటుంది, 2014లో పోలవరం ప్రాజెక్టు కోసం ఖమ్మంలోని ఆ వైపు మండలాలు ఆంధ్రలోకి వచ్చాయి కాబట్టి. నా స్నేహితుడు ఒక పూటంతా పశ్చిమ గోదావరి పుస్తకంలో వెతికాడు పాపం.

అన్నిటికంటే బాధ, ఇది బాగా పాతబడిపోయింది. 2021లో జరగాల్సిన లెక్క కరోనాతో ఆగి, 2027 మార్చి 1 తేదీకి ఖరారైంది. ఆహార భద్రత చట్టం కింద బియ్యం ఎందరికివ్వాలో 2011 జనాభా మీదే, సుమారు 81 కోట్లని లెక్క కట్టారు. ఆ తర్వాత పుట్టిన పిల్లలు ఇప్పుడు హైస్కూల్లో ఉన్నారు, వాళ్ళు ఏ గడిలోనూ లేరు.

5కి 4 ఇస్తాను. అర్జీతోపాటు పార్ట్ ఎలో మీ ఊరి వరస ఉన్న పేజీ, పార్ట్ బిలోది, రెండూ ప్రింటు తీసి జతచేయండి. సెన్సస్ వాళ్ళు ప్రతి ఊరికీ ఇచ్చిన ఆరంకెల కోడ్ కూడా పక్కన రాయండి, ఒకే పేరున్న ఊళ్ళు జిల్లాలో రెండు మూడున్నా గందరగోళం ఉండదు. మా అర్జీ ఆ రెండు పేజీలతోనే వెళ్ళింది, బస్సు కోసం ఇంకా ఎదురుచూస్తున్నాం.