స్కూబాప్రో ఎయిర్‌2 రివ్యూ: కొన్నవాళ్లకి హాయి, బడ్డీకి పరీక్ష

స్కూబా డైవింగ్‌లో వాడే ఎయిర్‌2 కొనాలా వద్దా అని ఆలోచించేవాళ్లు శ్వాస తేలిగ్గా వస్తుందా, రేటెంత అని చూస్తారు. పక్కన డైవ్ చేసే మనిషి, అంటే బడ్డీ సంగతి ఎవరికీ పట్టదు. ఈ వస్తువు మంచిచెడ్డలు సగం ఆ మనిషికి తెలిసినదాన్ని బట్టే ఉంటాయి కాబట్టి, ఈ రివ్యూ బడ్డీ వైపు నుంచి.

మామూలు సెటప్‌లో ఫస్ట్ స్టేజ్ (సిలిండర్‌కి బిగించి, గాలి పీడనం తగ్గించే భాగం) నుంచి నాలుగు హోస్‌లు (గొట్టాలు) వస్తాయి: నోట్లో పెట్టుకునే రెగ్యులేటర్‌కి ఒకటి, పసుపు రంగు ఆక్టోపస్‌కి (అవసరానికి ఉంచే రెండో రెగ్యులేటర్, క్లుప్తంగా ఆక్టో) ఒకటి, బీసీడీ (తేలడానికి గాలి నింపుకునే జాకెట్) ఇన్‌ఫ్లేటర్‌కి, అంటే అందులో గాలి నింపే, వదిలే పరికరానికి ఒకటి, గేజ్‌కి ఒకటి. ఎయిర్‌2లో ఆక్టో, ఇన్‌ఫ్లేటర్ రెండూ కలిసి ఒకే ముక్క. ఎడమ భుజం మీంచి ఛాతీ మీదికి వేలాడే ఇన్‌ఫ్లేటర్‌కే మౌత్‌పీస్ ఉంటుంది, అవసరమైతే దాన్నుంచే గాలి పీల్చుకోవచ్చు. ఇప్పుడు అమ్ముతున్నది అయిదో తరం మోడల్. ఆక్వాలంగ్ ఎయిర్‌సోర్స్, అటామిక్ ఎస్‌ఎస్‌1 కూడా ఇదే పద్ధతివే, కాబట్టి కింద చెప్పినదాంట్లో చాలా మటుకు వాటికీ వర్తిస్తుంది.

లాభాలు గబగబా చెప్పేస్తాను. ఒక హోస్ తగ్గుతుంది. ఆక్టో కిందికి జారి పగడాలకి, ఇసుకకి రాసుకునే బెడద పోతుంది. అండమాన్ వెళ్లేటప్పుడు విమానంలో ఇచ్చే 15 కేజీల్లో కాస్త బరువు మిగులుతుంది. ఇన్‌ఫ్లేటర్ ఎక్కడుందో డైవ్ పొడుగునా చేతికి తెలుస్తూనే ఉంటుంది కాబట్టి, కంగారులో స్పేర్ రెగ్యులేటర్ కోసం వెతుక్కోవాల్సిన పని లేదు.

ఇక అసలు సంగతి. ఓపెన్ వాటర్ అనే మొదటి డైవింగ్ కోర్సులో చాలామంది నేర్చుకున్నది ఇదీ: గాలి అయిపోతే బడ్డీ దగ్గరికి వెళ్లు, గడ్డానికీ పక్కటెముకల చివరలకీ మధ్య త్రికోణంలో పసుపు రంగు ఆక్టో ఉంటుంది, తీసుకో. ఎయిర్‌2 వాడేవాళ్ల దగ్గర ఆ చోట పసుపు ఆక్టో ఉండదు. గాలి అందని మనిషికి వెతికే ఓపిక ఉండదు, మీ నోట్లో ఉన్నదే లాక్కుంటాడు. ఈ సెటప్‌లో ఇవ్వాల్సింది కూడా అదే. నోట్లో ఉన్న ప్రైమరీ (ప్రధాన రెగ్యులేటర్) బడ్డీకి ఇవ్వాలి, ఎయిర్‌2 మీరు పెట్టుకోవాలి. ఇద్దరికీ ముందే తెలిసి ఉంటే మూడు నాలుగు సెకన్ల పని. తెలియకపోతే ఇద్దరూ ఒకే మౌత్‌పీస్ కోసం పెనుగులాడతారు.

కొందరు అలవాటు కొద్దీ ఎయిర్‌2నే బడ్డీ నోటికి అందించబోతారు. ఇది మాత్రం ఎప్పుడూ చెయ్యకూడదు. ఇన్‌ఫ్లేటర్ ముడతల గొట్టం పొట్టిది, దాని రెండో కొస మీ బీసీడీ ఎడమ భుజానికే బిగించి ఉంటుంది. మీ గాలి నింపే బటన్, గాలి వదిలే బటన్ రెండూ బడ్డీ ముఖం దగ్గర ఇరుక్కుంటాయి. తేలడం మునగడం మీ అదుపులో ఉండదు.

ప్రైమరీ ఇవ్వాలంటే దాని హోస్ పొడుగు చాలాలి. మామూలు ప్రైమరీ హోస్ సుమారు 75 సెంటీమీటర్లు ఉంటుంది. దాన్ని బడ్డీకి ఇస్తే ఇద్దరి మాస్కులూ దాదాపు తగులుకుంటాయి. మీటరు పొడుగున్న హోస్ వేయించి, సెకండ్ స్టేజ్ (నోట్లో పెట్టుకునే భాగం) దగ్గర తిరిగే మోచేయి జాయింట్ పెట్టించుకుంటే పక్కపక్కన ఈదుతూ పైకి రావచ్చు. ఎయిర్‌2 ధరలో ఈ రెండిటి ఖర్చు కూడా కలిపి లెక్కేసుకోండి.

పైకొచ్చేటప్పుడు ఇంకో చిక్కు. బీసీడీలో గాలి వ్యాకోచిస్తుంది, దాన్ని వదులుతూ ఉండాలి. మామూలుగా అయితే ఇన్‌ఫ్లేటర్‌ని భుజం కన్నా ఎత్తుకి ఎత్తి బటన్ నొక్కుతాం. ఇప్పుడది నోట్లో ఉంది! కాబట్టి కుడి భుజం మీది డంప్ వాల్వ్ (గాలి వదిలే వాల్వ్) తాడు గానీ, నడుము వెనక ఉండే తాడు గానీ లాగాలి. ఆ తాడు చివర బొడిపె ఎక్కడుందో బడ్డీకి కూడా తెలియాలి, మీ చెయ్యి ఖాళీ లేకపోతే లాగాల్సింది అతనే. కొన్ని బీసీడీల్లో ముడతల గొట్టం లోపల ఒక తీగ ఉంటుంది, గొట్టాన్ని లాగితే ఎడమ భుజం వాల్వ్ తెరుచుకుంటుంది. అలాంటిదానికి ఎయిర్‌2 బిగించి, నోట్లో పెట్టుకుని తల కుడికి తిప్పితే మీకు తెలియకుండానే గాలి పోవచ్చు. ఒడ్డున బీసీడీ నిండా గాలి కొట్టి, మౌత్‌పీస్ నోట్లో పెట్టుకుని తల రెండు వైపులా తిప్పి చూస్తే తేలిపోతుంది.

బటన్ ఇరుక్కుని బీసీడీ తనంతట తాను ఉబ్బడం మొదలుపెడితే? మామూలు సెటప్‌లో ఇన్‌ఫ్లేటర్ హోస్ పీకేస్తాం, ఆక్టో మిగులుతుంది. ఇక్కడ హోస్ పీకితే ఆక్టో కూడా పోయినట్టే. ఆ క్షణం నుంచి ఇద్దరికీ కలిపి మిగిలిన స్పేర్ బడ్డీది ఒక్కటే. డైవ్ అక్కడితో ఆపి పైకి రావాలి. ఆ హోస్‌ని కలిపే కప్లింగ్ తీయడం బడ్డీకి ముందే చూపించండి. ఇది మామూలు ఇన్‌ఫ్లేటర్ కప్లింగ్ కన్నా పెద్దది, గ్లౌజు వేసుకున్న చేత్తో కాలర్ వెనక్కి లాగడం మొదటిసారి అంత సులువుగా రాదు.

గాలి ఎంతసేపు వస్తుందో కూడా చూద్దాం. 20 మీటర్ల లోతులో పీడనం 3 బార్. కంగారులో ఒక్కొక్కరు ఉపరితలం లెక్కన నిమిషానికి 30 లీటర్లు పీలుస్తారనుకుంటే, ఆ లోతులో ఇద్దరికీ కలిపి 180 లీటర్లు కావాలి. 11 లీటర్ల సిలిండర్‌లో 50 బార్ మిగిలితే ఉన్నది 550 లీటర్లు. మూడు నిమిషాలు! అందులో ఒక నిమిషం హోస్ వెతుక్కోవడానికి పోతే ఏం మిగులుతుంది?

పడవలో మాట్లాడుకోవాల్సింది పెద్దగా లేదు. “అన్నా, నాకు విడిగా ఆక్టో లేదు. నోట్లోది నీకిస్తా, నేను ఎడమవైపుది పెట్టుకుంటా” అంటే చాలు. తర్వాత బడ్డీ చేత్తో ఇవి చేయించండి. ఎయిర్‌2 మీద మూడు బటన్లుంటాయి, గాలి నింపేది, వదిలేది, పర్జ్ (మౌత్‌పీస్‌లోని నీళ్లని గాలితో బయటికి తోసేది). మూడూ ఒక్కోసారి నొక్కించండి, ఎందుకంటే మొదటిసారి పట్టుకున్నవాళ్లు వదిలేది అనుకుని పర్జ్ నొక్కుతారు. వెయిట్ పాకెట్లు (మునగడానికి పెట్టుకునే బరువుల సంచులు) ఎటు లాగితే ఊడతాయో పట్టి చూడమనండి: కొన్ని నేరుగా ముందుకి, కొన్ని క్లిప్ నొక్కి. చివరగా ఎయిర్‌2 నుంచి నాలుగు శ్వాసలు పీలుస్తూ గేజ్ చూడండి. పీల్చిన ప్రతిసారీ ముల్లు కిందికి పడి లేస్తుంటే సిలిండర్ వాల్వ్ పూర్తిగా తెరవలేదని అర్థం. అలవాటుగా ప్రైమరీతోనే ఈ పరీక్ష చేసి ఎయిర్‌2ని వదిలేస్తుంటారు. దాని మౌత్‌పీస్‌లో ఇసుక ఉన్నా, డయాఫ్రం (లోపలి పలుచని పొర) మడతపడి నీళ్లు కారుతున్నా బయటపడేది ఈ నాలుగు శ్వాసల్లోనే.

ప్రయాణాలు చేసేవాళ్లకి ఇంకొక మాట. బీసీడీ మీది, రెగ్యులేటర్ డైవ్ షాపుది అయితే, వాళ్ల మామూలు ఇన్‌ఫ్లేటర్ హోస్ ఎయిర్‌2కి పట్టదు. ఎయిర్‌2తో వచ్చిన హోస్, 9/16 అంగుళాల స్పానర్ వెంట ఉంటే షాపు ఫస్ట్ స్టేజ్‌లో లో ప్రెజర్ పోర్టుకి (తక్కువ పీడనపు గాలి వచ్చే రంధ్రానికి) బిగించుకోవచ్చు. ముందు వాళ్లనడగండి, కొందరు తమ రెగ్యులేటర్‌ని విప్పనివ్వరు.

సర్వీసుకి ఇచ్చేటప్పుడు ఎయిర్‌2ని విడిగా పంపొద్దు, ఫస్ట్ స్టేజ్‌తో కలిపి ఇవ్వండి. ఎయిర్‌2ని ఫస్ట్ స్టేజ్ నుంచి దానికి వచ్చే మధ్య పీడనానికి తగ్గట్టు సర్దాలి. అది సరిగా లేకపోతే గాలి ఆగకుండా కారడమో, పీల్చడం కష్టమవడమో జరుగుతుంది. డైవ్ అయ్యాక మంచినీళ్లు మౌత్‌పీస్ లోంచి పోసి, గాలి వదిలే బటన్ నొక్కి పట్టుకుని, గొట్టంలోకి కూడా పోనివ్వాలి. బటన్ ఇరుక్కోవడానికి ముఖ్య కారణం లోపల ఎండిపోయిన ఉప్పే.

ఎప్పుడూ ఒకే బడ్డీతో డైవ్ చేసేవాళ్లు కొనుక్కోవచ్చు, హాయిగా ఉంటుంది. ప్రతి ట్రిప్పులో కొత్త మనిషితో జత కట్టేవాళ్లు పసుపు ఆక్టోతోనే ఉండండి.