లాకులను తాళాలు చేసిన ఏఐ: రెండు విద్యాసంవత్సరాల వాడకం తరువాత

కోనసీమలోని ఒక డిగ్రీ కళాశాలలో చరిత్ర బోధిస్తున్న నేను, మనం ఎక్కించిన పత్రాలలో నుంచే జవాబు చెప్పే ఒక ఉచిత ఏఐ సాధనాన్ని రెండు విద్యాసంవత్సరాలుగా విద్యార్థుల చేత వాడిస్తున్నాను. ఖాతా తెరవడం, పీడీఎఫ్ ఎక్కించడం పిల్లలకు నాకంటే బాగా తెలుసు కనుక వాటి జోలికి పోను. నన్ను కట్టిపడేసింది ఒక్కటే, జవాబులోని వాక్యాల చివర కనిపించే చిన్న అంకె. దానిని నొక్కితే ఆ మాట ఏ పత్రంలో, ఏ పేరాలో ఉందో తెరపైకి వస్తుంది.

అంతకుముందు మామూలు చాట్‌బాట్‌ను అడిగి రాసిన ప్రాజెక్టులలో, ఎంత వెదికినా దొరకని పుస్తకాల పేర్లు ఆధారాలుగా కనిపించి విసిగిపోయి ఉన్నాను కనుక, ఈ అంకెను చూడగానే ప్రాణం లేచివచ్చింది. పైగా ఇంగ్లీషు నివేదికలు ఎక్కించి తెలుగులో అడిగితే జవాబు తెలుగులోనే వస్తుంది. పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లీషు చూస్తేనే కాగితం పక్కన పెట్టేసే పిల్లలు, 1847లో మొదలై 1852లో పూర్తయిన గోదావరి ఆనకట్టను ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా ఎందుకు కట్టవలసి వచ్చిందని వాదించుకోవడం నేను కళ్లారా చూశాను. ఆ సంబరంలో, అంకె ఉంటే ఇక అనుమానం అక్కరలేదని తరగతిలోనే అన్నాను.

రెండో ఏడాది డెల్టా కాలువల మీద వచ్చిన ప్రాజెక్టులు దిద్దుతుండగా, పడవల రాకపోకల కోసం కాలువలపై తాళాలు నిర్మించారన్న వాక్యం ఏకంగా మూడింటిలో కనిపించింది. అంకె నొక్కి చూస్తే పేజీ సరైనదే, పేరా సరైనదే. అక్కడున్న ఇంగ్లీషు మాట ‘లాక్’. నీటిమట్టం మారే చోట పడవను రెండు తలుపుల మధ్యకు తీసుకుని, నీరు నింపో వదిలో దాటించే ఆ కట్టడాన్ని మా వైపు చదువు రానివారు కూడా లాకులనే అంటారు. ఆ ముగ్గురిలో ఒకమ్మాయిది లొల్ల లాకుల దగ్గరి ఊరు.

"ఏమ్మా, మీ ఊరి దగ్గర ఉన్నవి తాళాలా?" అని అడిగాను.

"అయ్యో, ఇవి మన లాకులేనా సార్!" అని నాలుక కరుచుకుంది.

ఆ పిల్ల ఒక్క అంకె కూడా నొక్కి చూడలేదు. నొక్కనక్కరలేదన్న ధైర్యం ఇచ్చింది నేనే.

అప్పటి నుంచి లాకు, తూము, లస్కరు (కాలువ నీటిని చూసుకునే పనివాడు), శివారు ఆయకట్టు (కాలువ చివరి పొలాలు) వంటి మాటలకు అర్థాలు రాసిన రెండు పేజీలను కూడా మిగతా పత్రాలతోపాటు ఎక్కిస్తున్నాం. తాళాలు బాగా తగ్గాయి కానీ పూర్తిగా పోలేదు. పాత తెలుగు పుస్తకాల స్కాన్ ప్రతులలో వత్తులు చెదిరిన చోట ఇప్పటికీ తడబడుతుంది.

నా తరగతిలో ఇరవై మందికి మించరు, ఎక్కించేవి నేను ముందే చదివిన పత్రాలు. అందువల్ల వచ్చే ఏడాది కూడా దీనినే వాడిస్తాను. అరవై ప్రాజెక్టులు ఒంటరిగా దిద్దవలసిన అధ్యాపకులకు ఇదే మాట చెప్పడానికి నోరు రాదు. ప్రతి విద్యార్థీ కనీసం ఐదు అంకెలు నొక్కి, అక్కడి ఇంగ్లీషు వాక్యాన్ని చేత్తో రాసి తేవాలని ఈ మధ్యే నియమం పెట్టాను; అందుకు పిల్లలు నా మీద గుర్రుగా ఉన్నారు.