ఆఫీసు మీద ఒళ్ళు మండితే: పేచెక్ పాటా, డాలీ పాటా?

అమెరికా పల్లెబాణీ అయిన ‘కంట్రీ’ సంగీతంలో ఉద్యోగం మీద విసుగుకి రెండు పాటలు బాగా పేరుపడ్డాయి: జానీ పేచెక్ ‘టేక్ దిస్ జాబ్ అండ్ షవ్ ఇట్’ (‘నీ ఉద్యోగం నువ్వే ఉంచుకో, పో’ అని; 1977), డాలీ పార్టన్ ‘నైన్ టు ఫైవ్’ (1980).

కోపం: పేచెక్‌ది ఫ్యాక్టరీ కార్మికుడి కసి, ఫోర్‌మన్ మీద. డాలీది ఆఫీసు ఉద్యోగిని ఉక్రోషం. కష్టం మనది, పేరు బాసుది.

ఊపు: డాలీదే. ఇదే పేరుతో వచ్చిన సినిమా షూటింగులో తన పొడుగాటి గోళ్ళు టకటకలాడిస్తూ ఈ పాట కట్టింది. అచ్చం టైప్‌రైటర్ చప్పుడే! రికార్డులోనూ ఆ గోళ్ళు వినిపిస్తాయి.

రిస్క్: పేచెక్‌ని వింటూ రాజీనామా టైప్ చేయకండి. డేవిడ్ అలన్ కో రాసిన ఆ పాటలో, ఆ మాట మొహం మీద అనేసే ధైర్యం హీరోకే చాలదు.

పొద్దున బస్సులో డాలీ. ఇంక్రిమెంట్ లెటర్ చూసిన సాయంత్రం పేచెక్, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని.