ఎన్ని చుక్కలకు రంగు పోయింది? క్లోరిన్‌కు మారిన మా పూల్, నాలుగు వేసవుల తర్వాత

మా ఇంటి పూల్‌ను క్లోరిన్‌కు మార్చాక ఇది నాలుగో వేసవి. ఈలోగా పంపు మార్చాను, ఒక పైపు పగిలింది, ముచ్చటపడి కొన్న రోబో క్లీనర్ గరాజ్‌లో మూలన పడి ఉంది. వాటి గురించి రాయబుద్ధి కావడం లేదు. రాయాలనిపిస్తున్నది క్లోరిన్ కొలిచే ఒక్క చుక్కల సీసా గురించే.

పూల్ నీళ్ళు పది మిల్లీలీటర్లు గొట్టంలోకి తీసుకుని రెండు బుల్లి చెంచాల డీపీడీ అనే పొడి వేస్తే, క్లోరిన్ ఉన్నట్టయితే రోజా రంగు వస్తుంది. తర్వాత సీసాలోంచి ఒక్కో చుక్క వేస్తూ, గొట్టాన్ని తిప్పుతూ ఉంటే ఒకానొక చుక్క దగ్గర రంగు టక్కున పోతుంది. చుక్కకు అర పీపీఎం (పది లక్షల పాళ్ళ నీళ్ళలో అర పాలు). 8 చుక్కలు పడితే క్లోరిన్ 4 ఉన్నట్టు. అట్ట మీద రంగుల గడులు పెట్టుకుని ఇది ఏ గులాబీకి దగ్గరగా ఉందా అని ఎండలో కళ్ళు చికిలించే పని లేదు. సీసాలో ఉండేది ఫెర్రస్ అమ్మోనియం సల్ఫేట్, ఇంటర్ ప్రాక్టికల్స్‌లో మోర్ సాల్ట్ అంటూ మనం కుస్తీ పట్టినదే. అక్కడ లేత గులాబీ ఎప్పుడు వస్తుందా అని చూసేవాళ్ళం, ఇక్కడ ఎప్పుడు పోతుందా అని చూస్తాం. పక్కవాడి బ్యూరెట్ రీడింగు చూసి రాసుకున్న నాకు నలభై దాటాక టైట్రేషన్ మీద ప్రేమ పుట్టింది.

మేం 2021లో టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఈ ఇల్లు కొన్నప్పుడు పూల్ బిగ్వనైడ్ మీద, అంటే క్లోరిన్‌కు బదులు క్రిములను చంపడానికి పోసే ఇంకో మందు మీద నడుస్తోంది. క్లోరిన్ వాసన ఉండదు, కళ్ళు మండవు అన్నారు. నిజమే, ఆ ఏడాది నీళ్ళు పట్టులా ఉన్నాయి. కానీ జూలై వచ్చేసరికి మెట్ల అంచుల్లో జిగురు, నిచ్చెన వెనక తెల్లటి దూది పింజల్లాంటి బూజు. దానికి ఇంకో సీసా పెరాక్సైడు, పాచికి ఇంకో సీసా, అన్నీ ఖరీదే. అప్పుడే మారుదామంటే, 2020 ఆగస్టులో లారా తుఫాను వచ్చినప్పుడు లూసియానాలో పూల్ క్లోరిన్ టాబ్లెట్లు తయారుచేసే ఫ్యాక్టరీ ఒకటి తగలబడి, వాటి ధర కొండెక్కి కూర్చుంది. క్లోరిన్ అంటే టాబ్లెట్లే అనుకునేవాణ్ణి. బట్టల బ్లీచుకు అన్నలాంటి ద్రవ క్లోరిన్ గ్యాలన్ డబ్బాల్లో దొరుకుతుందని తెలిసేసరికి 2022 మే వచ్చింది.

మార్పు గురించి నాలుగు ముక్కల్లో చెబుతాను. బిగ్వనైడ్ పోయడం ఆపి కొన్ని వారాలు ఆగాలి. తర్వాత క్లోరిన్ 15కు చేర్చి, పడిపోయినప్పుడల్లా మళ్ళీ 15కు తెస్తూ ఉండాలి. రెండూ ఒకదానికొకటి పడవు. మొదటి డబ్బా పోసిన పది నిమిషాల్లో పూల్ ఆకుపచ్చగా, ఆనక చింతపండు రసంలా తిరిగింది. మూడో రోజుకు కుడితి. మా ఆవిడ కర్టెన్లు వేసేసింది. ఎండకు క్లోరిన్ ఎగిరిపోకుండా కాపాడే సయనూరిక్ ఆమ్లం ఈ దశలో వేయకూడదు కాబట్టి పోసిందాంట్లో చాలా భాగం సూర్యుడే తాగేశాడు. మాది 15,000 గ్యాలన్ల పూల్. పన్నెండు రోజుల్లో నలభై పైచిలుకు డబ్బాలు ఖర్చయ్యాయి.

15 పీపీఎం అంటే ముప్ఫై చుక్కలు. రోజుకు నాలుగైదు సార్లు కొలిస్తే సీసా ఎన్నాళ్ళు వస్తుంది? పదో రోజు సాయంత్రానికి అడుగంటింది. కొత్తది ఆర్డరు పెట్టి, అది వచ్చేదాకా ఇంటితోపాటు వచ్చిన రంగుల గడుల డబ్బా ఉందిగా అని తీశాను. అదీ డీపీడీయే, బిళ్ళ వేసి రంగు పోల్చుకోవడమే తేడా. బిళ్ళ వేశాను. గులాబీ ఒక్క క్షణం మెరిసి మాయమైంది. నీళ్ళు తేటగా ఉన్నాయి. అంటే సున్నా! పొద్దు కుంకిన వెంటనే రెండు డబ్బాలు పోశాను. గంట ఆగి చూస్తే మళ్ళీ తేట. గుండె జారిపోయింది. పది రోజుల కష్టం బూడిదలో పోసిన పన్నీరైందనుకుని ఇంకో రెండు పోసి పడుకున్నాను.

అప్పుడు మా మామగారు మా దగ్గరే ఉన్నారు. ఆయన గ్రామీణ నీటి సరఫరా విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. ఊరూరా కుళాయి చివరన క్లోరిన్ చూసే క్లోరోస్కోప్ పట్టుకుని ఓటీ (ఆర్థోటాలిడిన్) చుక్కలు వేసి, పసుపు రంగు కనిపిస్తే, 0.2 ఉంటే చాలు అని రాసుకుని వచ్చిన మనిషి. ఇక్కడ డబ్బాలకు డబ్బాలు పోయడం చూసి ఏమీ అనలేక రోజూ వాలు కుర్చీలో కూర్చుని చూసేవారు. మర్నాడు పొద్దున ఏడింటికి గుమ్మం ముందు పెట్టె ఉంది. ఎండ ముదరకముందే కొలవాలని పరిగెత్తాను. మామూలుగా వేసే పొడికి రంగు నిలవలేదు. ఇంకో చెంచా, ఇంకోటి వేస్తే అప్పుడు ముదురు గులాబీ నిలబడింది. చుక్కలు మొదలుపెట్టాను. ముప్ఫై అయ్యాయి, కదల్లేదు. యాభై. మామగారు లేచి వచ్చి పక్కన నిలబడి పైకే లెక్క పెట్టసాగారు. డెబ్భై ఎనిమిదో చుక్కకు రంగు పోయింది.

ముప్ఫై తొమ్మిది పీపీఎం!

సున్నా కాదు, క్లోరిన్ మరీ ఎక్కువై పరీక్ష రంగునే తినేసింది. పట్టిక మీద చూస్తే లేనట్టూ ఎక్కువైనట్టూ ఒకేలా కనిపిస్తాయి. "మా ఓటీలో ఎక్కువైతే ఎర్రబడేది అల్లుడుగారూ, ఇలా అబద్ధం చెప్పేది కాదు" అన్నారు మామగారు. సరిగ్గా అప్పుడే వెనక నుంచి మా ఆవిడ, "ఏమండీ, పిల్లాడి నిక్కరు చూశారా?" రాత్రంతా మెట్టు మీద నీళ్ళలోనే ఉండిపోయిన నీలం నిక్కరు బూడిద రంగుకు తిరిగింది. అది ఇప్పటికీ ఉంది, కారు తుడవడానికి.

లెక్క వేస్తే ఇంకో సంగతి తేలింది. సాయంత్రం 15 దగ్గర ఉండి ఉంటుంది, నాలుగు డబ్బాలకు మరో 26 పెరగాలి. తెల్లారేసరికి 39 మిగిలిందంటే రాత్రి పోయింది రెండో మూడో. మార్పు పూర్తయిందనాలంటే రాత్రికి ఒక పీపీఎం మించి పోకూడదన్నది నియమం. దాదాపు గట్టెక్కామన్నమాట. రెండు రోజులకు ఆ రాత్రి పరీక్ష నెగ్గాం. ఫిల్టరు విప్పితే ఇసుక బెల్లం ముద్దల్లా గడ్డకట్టి ఉంది. అది మార్చి, రాత్రి పరీక్ష ఇంకోసారి చేసి, సయనూరిక్ ఆమ్లం పాత సాక్సులో పోసి నీళ్ళలో వేలాడదీశాం.

ఆ సీసా మీద నాకు భక్తి కుదిరింది అప్పుడే. కనిపించిన నీళ్ళనల్లా కొలిచాను. మా వైపు కుళాయి నీళ్ళలో క్లోరిన్ అమోనియాతో కలిసి క్లోరమిన్‌గా వస్తుంది. పొడి వేస్తే రంగు వచ్చీ రానట్టు ఉంటుంది, కిట్‌లోని ఇంకో సీసా నుంచి అయిదు చుక్కలు వేయగానే గులాబీ పొంగుతుంది. ఏటా మార్చిలో కొన్ని వారాలు ఉత్త క్లోరిన్ పంపుతారు, అప్పుడు పొడికే రంగు వస్తుంది. మరుసటి మార్చిలో మామగారికి వీడియో కాల్‌లో చూపిస్తే, "విడిగా ఉన్నదేదో కలిసి ఉన్నదేదో మా ఓటీ చెప్పేది కాదయ్యా" అని మొదటిసారి ఒప్పుకున్నారు.

అయితే మొదట్లో మిత్రులందరికీ చెప్పినంత గొప్పగా ఇప్పుడు చెప్పలేను. అదే కిట్‌లో పీహెచ్ పరీక్ష మళ్ళీ రంగు పోల్చుకునేదే. నాకు 7.8 అనిపించింది మా ఆవిడకు 7.5. క్లోరిన్ పది దాటితే అదీ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. సయనూరిక్ పరీక్షలో, తెల్లగా మసకబారిన నీళ్ళు గొట్టంలో పోస్తూ ఉంటే అడుగున ఉన్న నల్లచుక్క ఎప్పుడు కనపడకుండా పోయిందో ఎవరి కళ్ళకు వారిదే తీర్పు. ఒక వేసవంతా గరాజ్ వేడిలో పెట్టినందుకు పొడి గడ్డకట్టింది, ఇప్పుడది ఇంట్లో చింతకాయ పచ్చడి జాడీ పక్కన ఉంటోంది. చలికాలం గాలి పొడిగా ఉన్నప్పుడు సీసా మూతి దగ్గర చుక్కలు చిన్నవిగా పడి లెక్క ఎక్కువ వస్తుంది. తడిగుడ్డతో తుడిస్తే సర్దుకుంటుంది, కానీ ఆ సంగతి తెలిసేసరికి ఒక డిసెంబరంతా తక్కువ క్లోరిన్‌తో నడిపాను.

క్లోరిన్‌కు మారమంటావా అంటే నా సంగతి వేరు. నేను ఇంటి నుంచి పని చేస్తాను, వేసవిలో రోజూ సాయంత్రం అయిదు నిమిషాలు పూల్ దగ్గర గడపడం నాకు కాఫీలాంటిది. వారానికోసారి చూసుకుని వదిలేద్దామనుకునేవాళ్ళకు, బిగ్వనైడ్ మీద పూల్ తేటగానే ఉన్నవాళ్ళకు ఆ పన్నెండు రోజుల చింతపండు రసం అవసరమా అంటే ఏమో.

టాబ్లెట్ల జోలికి పోనని ఒట్టు పెట్టుకున్న నేనే పోయిన జూలైలో మూడు వారాలు ఊరు వెళ్తూ ఫ్లోటర్‌లో టాబ్లెట్లు వేసి వెళ్ళాను. అవి కరిగినకొద్దీ సయనూరిక్ ఆమ్లం కూడా నీళ్ళలో కలుస్తుంది, అది ఎండకు పోదు. తిరిగి వచ్చి చూస్తే 30 ఉండాల్సింది 60 అయింది. సగం నీళ్ళు తోడేసి మళ్ళీ నింపాం. ఆ నెల నీళ్ళ బిల్లు మా ఆవిడ ఫ్రిజ్ తలుపుకు అంటించింది, ఇంకా తీయలేదు.