జాగ్రత్త: ఇంటిల్లిపాదికీ ఒకే ప్లాను అంటే నమ్మి సంతకం పెట్టకండి

నిన్న సాయంత్రం జరిగింది. ఆవేశం ఇంకా తగ్గలేదు, రాతలో తడబాటు ఉంటే మన్నించండి. నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర మెట్లెక్కి వెళ్లే ఆ సిమ్‌ల దుకాణం ఏదో ఈ ఊరివాళ్లకు నేను వేరే చెప్పనక్కరలేదు. నలుగురికీ ఒకే ప్లాను, ఒకే బిల్లు అని అక్కడ ఇప్పుడు జోరుగా అమ్ముతున్నారు. వెళ్లాలనుకునేవాళ్లు దయచేసి ఇది చదివి వెళ్లండి.

రెండున్నర నెలల కిందటి మాట. 2024 జూలైలో ప్రైవేటు కంపెనీలన్నీ ధరలు పెంచినప్పటి నుంచి మా ఇంట్లో రీఛార్జ్ అంటే ఒక పంచాయితీ. నాది, మా ఆయనది, దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉండి చదువుకుంటున్న మా అబ్బాయిది తలా 300. దేవరకొండ అవతల ఊళ్లో ఉండే మా అత్తమ్మ బటన్ల ఫోనుకు 160. వెరసి 28 రోజులకు 1,060 రూపాయలు. ఆ దుకాణంలో మా ఆయన ఫోనుకు రీఛార్జ్ చేయించబోతే కౌంటర్‌లో అబ్బాయి కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. "అక్కా, నెలకు 950 కడితే నాలుగు సిమ్‌లు, అందరికీ కలిపి 120 జీబీ. ఎవరికి ఎంత కావాలంటే అంత వాడుకోవచ్చు. అయిపోయినా నెట్ ఆగదక్కా" అన్నాడు.

ఆ చివరి మాటే నన్ను ముంచింది. నెట్ ఆగదు అంటే మేలే కదా అనుకున్నాను.

అప్పటికప్పుడు మా ముగ్గురి నంబర్లూ మార్చేశాడు. 2021 నుంచి ప్రీపెయిడ్ నంబరును ఓటీపీ చెబితే చాలు పోస్ట్‌పెయిడ్ చేసేస్తున్నారు. అబ్బాయికి నేనే ఫోన్ చేసి అంకెలు చెప్పించుకున్నాను. అత్తమ్మది వేరే కంపెనీ సిమ్, మా ఆయన పేరు మీద ఉంది. అది కూడా కలిపితేనే ఈ ధర అన్నాడు. పక్కింటి అమ్మాయిని బతిమాలి నంబరు అదే ఉంచి కంపెనీ మార్చడానికి అత్తమ్మ ఫోను నుంచి 1900కు సందేశం పంపించి, వచ్చిన ఎనిమిది అక్షరాల కోడు చదివించుకున్నాను. "ఇదెందుకు బిడ్డా, నా ఫోను మంచిగానే మోగుతోంది కదా" అని అత్తమ్మ అడిగింది. ఖర్చు తగ్గుతుంది అత్తమ్మా అని చెప్పాను. ఆమె మాట వినకపోవడం నా తప్పే. ఇంట్లో లెక్కలన్నీ నేనే రాస్తాను, కాగితం వెనకవైపు ఏముందో చూడకపోవడం అంతకన్నా పెద్ద తప్పు.

రెండో నెల బిల్లు 2,881 రూపాయల 14 పైసలు.

మళ్లీ చదివాను. నెల అద్దె 950. డేటా 188 జీబీ వాడారు, 120 దాటిన 68 జీబీకి ఎంబీకి 2 పైసల చొప్పున 1,392 రూపాయల 64 పైసలు. ఏదో ఆటల సేవ అట, 99 రూపాయలు, అదీ అత్తమ్మ నంబరు మీద. ఆమె ఫోనులో అంకెలు నొక్కడం తప్ప ఏమీ తెలియదు. వీటన్నిటి మీద 18 శాతం జీఎస్టీ, 439 రూపాయల 50 పైసలు.

రెండు పైసలు అంటే చెవికి ఏమీ అనిపించదు. ఒక జీబీ అంటే 1,024 ఎంబీలు, అంటే 20 రూపాయల 48 పైసలు. నిజానికి ప్రీపెయిడ్‌లో అదనపు జీబీ కొన్నా ఇంచుమించు అంతే పడుతుంది. తేడా ధరలో లేదు. ఇదివరకు మా అబ్బాయికి రోజుకు ఒకటిన్నర జీబీ. అది అయిపోతే వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోయేది, వీడియో ఆగిపోయేది, వాడు ఫోను పక్కన పెట్టి పుస్తకం తీసేవాడు. ఇంకా కావాలంటే జేబులో చెయ్యి పెట్టి కొనాలి. ఇప్పుడు ఎక్కడా ఆగదు, ఎవరూ అడగరు, బిల్లు మాత్రం పెరుగుతూ పోతుంది. వాడొక్కడే 121 జీబీ వాడాడు. గదిలో స్నేహితులకు కూడా హాట్‌స్పాట్ ఇచ్చాడట. అడిగితే "అయిపోయినా ఆగదు అని నువ్వే చెప్పావు కదమ్మా" అన్నాడు. నిజమే, నేనే చెప్పాను. ఆ కౌంటర్‌లో విన్న మాటను అలాగే వాడికి అప్పజెప్పాను. డేటా అయిపోతోందని సందేశాలు వచ్చాయి, అన్నీ మా ఆయన ఫోనుకు. ఆయన మిర్యాలగూడ రైస్ మిల్లులో పనిచేస్తారు, సీజన్లో ఫోను చూసే తీరిక ఉండదు.

కంపెనీ ఫిర్యాదుల నంబరు 198కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించి నంబరు తీసుకున్నాను. ఫిర్యాదు తేలేదాకా కట్టనవసరం లేదు అనుకున్నాను. నేను అనుకున్నట్టు జరగలేదు. గడువు దాటిన అయిదో రోజున నాలుగు ఫోన్లకూ అవుట్‌గోయింగ్ ఆపేశారు. బిల్లు ఒక్కటే కదా, ఆగితే అందరిదీ ఆగుతుంది. ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు, నాకూ తట్టలేదు.

అదే రోజు సాయంత్రం అత్తమ్మ పశువుల కొట్టంలో కళ్లు తిరిగి కూలబడింది. బీపీ మనిషి. అసలే ఈ కొత్త సిమ్‌కు ఆ ఇంట్లో సిగ్నల్ లేదు, బొడ్రాయి దాకా నడిస్తే గానీ రెండు గీతలు రావు. పాత సిమ్ ఇంట్లో మంచం మీద కూర్చున్నా పలికేది. గోడ పట్టుకుని అక్కడిదాకా వచ్చి మా ఆయనకు చేసింది. ఫోనులో ఎవరో ఆడమనిషి గొంతు, మీ బిల్లు బకాయి ఉంది, చెల్లించండి అని. మళ్లీ చేసింది, మళ్లీ అదే. చివరికి పక్కింటి అమ్మాయి తన ఫోను నుంచి నాకు చేసి చెప్పింది. దేవుడి దయ, పెద్ద ప్రమాదం కాలేదు. మేము వెళ్లేసరికి మంచం మీద పడుకుని ఉంది. ఎలా ఉందని అడిగితే ఆమె చెప్పింది ఆరోగ్యం గురించి కాదు. "నేను ఎవరికి బాకీ పడ్డాను బిడ్డా?" అని అడిగింది. కిరాణా కొట్లో కూడా ఒక్కనాడు ఖాతా పెట్టని మనిషి. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

ఆ కోపంతోనే నిన్న ఆ దుకాణానికి వెళ్లాను.

ఆ అబ్బాయే ఉన్నాడు. బిల్లు ముందు పెట్టాను. పైనుంచి కిందికి ఒకసారి చూసి, "వాడారు కాబట్టి వచ్చింది మేడం" అన్నాడు. అమ్మిన రోజు అక్కను, ఇప్పుడు మేడం. 120 జీబీ దాటితే ఎంబీకి డబ్బులని చెప్పలేదు కదా అన్నాను. జీఎస్టీ వేరే అని కూడా చెప్పలేదు అన్నాను. సొరుగులోంచి మా దరఖాస్తు తీశాడు. కాగితం వెనక్కి తిప్పి, అగ్గిపుల్ల తల కన్నా చిన్న అక్షరాల మీద గోరుతో గీశాడు. తర్వాత ఆ గోరును నా సంతకం మీదికి జరిపి, "ఇది మీదేనా మేడం?" అని అడిగాడు. అవును అన్నాను. "మరి చదువుకున్నవాళ్లు చదవకుండా సంతకం ఎందుకు పెట్టారు?" అన్నాడు. గొంతు తగ్గించలేదు. వెనక వరుసలో ఏడెనిమిది మంది ఉన్నారు. అందులో ఒకాయన నా వంక జాలిగా చూశాడు. ఆ చూపు ఇప్పటికీ తగులుతూనే ఉంది.

చదవనివ్వలేదు నువ్వు. ఆ రోజు నేను కాగితం తిప్పబోతే "అక్కడ ఏమీ లేదక్కా, మామూలు షరతులే, ఇక్కడ పెట్టండి" అని పెన్ను చేతిలో పెట్టింది నువ్వే. ఇదే మాట వాడి మొహం మీద అన్నాను. "నాకు గుర్తు లేదు మేడం. డేటా వాడింది మీ అబ్బాయి, వెళ్లి ఆయన్ని అడగండి. ఎక్కడ ఫిర్యాదు చేసుకున్నా ఇదే చెబుతారు" అని బిల్లు నా వైపు తోసేశాడు.

పోనీ అత్తమ్మ నంబరునైనా పాత కంపెనీకి పంపెయ్యి అన్నాను. మారి 90 రోజులు కాలేదు, కుదరదు అన్నాడు. బాకీ తీర్చకపోతే ఆ తర్వాత కూడా కోడు రాదు అన్నాడు. ఈ రెండూ నిజమే, నిబంధనలే, ఇంటికొచ్చి సరిచూసుకున్నాను. కానీ అమ్మేరోజు ఈ రెండింటిలో ఒక్కటీ ఆ నోటి నుంచి రాలేదు.

నేను కదలకుండా నిలబడి ఉండగానే పక్క కుర్చీలో కూర్చున్న ముసలి దంపతులతో మొదలుపెట్టాడు. "పెద్దాయనా, అందరికీ కలిపి ఒకటే బిల్లు. ఎవరికి ఎంత కావాలంటే అంత. అయిపోయినా నెట్ ఆగదు." అక్షరం పొల్లుపోకుండా అదే. నా ముందే. నా బిల్లు ఇంకా ఆ బల్ల మీదే ఉంది. నా ఒళ్లు మండిపోయింది. ఆ పెద్దాయనకు నా బిల్లు చూపించి, ఇదిగో ఆగకపోతే ఇలా వస్తుంది అని అంకె మీద వేలు పెట్టాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడిచి, మళ్లీ పెట్టుకుని చూశాడు. ఆధార్ నకళ్లు రెండూ మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, "పోదాం పద" అని భార్యను లేపాడు. "మీరు మా వ్యాపారం చెడగొడుతున్నారు" అని ఆ అబ్బాయి అరిచాడు. అరవనీ.

రాత్రి కూర్చుని లెక్క తీశాను, సంతకం పెట్టకముందు తీయవలసిన లెక్క. ప్రీపెయిడ్ ధరలో పన్ను కలిసే ఉంటుంది. దీనికి వేరే పడుతుంది, 950 కాస్తా 1,121 అవుతుంది. పాతది 28 రోజులకు కాబట్టి ఏడాదికి 13 సార్లు, 13,780. కొత్తది 12 సార్లు, 13,452. ఏడాదంతా నలుగురిలో ఎవరూ గీత దాటకపోతే మిగిలేది 328 రూపాయలు. ఒక్క నెలలో నాకు అదనంగా పోయింది 1,760. పైగా అత్తమ్మ వాటాకు పన్ను కాకుండానే 237 రూపాయల 50 పైసలు, డేటా ముట్టని మనిషికి. డేటా లేకుండా మాటలకూ సందేశాలకూ మాత్రమే పనికొచ్చే రీఛార్జులు ఉంచాలని 2024 డిసెంబరులో టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ కంపెనీలను ఆదేశించింది. అత్తమ్మది అలాంటి రీఛార్జే. చేతులారా దాన్ని తీయించి ఇందులో పడేశాను.

ఇలాంటి ప్లాను ఎవరికీ కలిసిరాదని అనను. మా తోటికోడలు ఇంట్లో కలిసొచ్చింది. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు, ఇంట్లో వైఫై ఉంది, బయట డేటా పెద్దగా వాడరు. ఒకరు హాస్టల్లో, ఒకరు మిల్లులో, ఒకరు సిగ్నల్ లేని ఊళ్లో ఉండే మాలాంటి ఇళ్లకు ఇది కాదు.

రాత్రే మొత్తం బిల్లు కట్టేశాను, అత్తమ్మ ఫోను పలకాలి కాబట్టి. డబ్బు కట్టానని ఊరుకోవడం లేదు. ఫిర్యాదు మీద జవాబు నచ్చకపోతే 30 రోజుల్లో ఆ కంపెనీ అప్పీలు అధికారికి రాయవచ్చు, రాస్తున్నాను. అక్కడా కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ నల్లగొండలోనే ఉంది. ఫోను కంపెనీల మీద ఫిర్యాదులు ఈ కమిషన్లు వినవచ్చని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది. ఎక్కడ ఫిర్యాదు చేసుకున్నా ఇదే చెబుతారన్న ఆ అబ్బాయి మాట పట్టుకుని వెనక్కి తగ్గకండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసినా దారి చెబుతారు.

తీసుకోవాలనుకుంటే మాత్రం పన్నుతో కలిపి ఎంతో కాగితం మీద రాయించుకోండి. పరిమితి దాటితే ఆగేలా పెట్టవచ్చో లేదో అడగండి. ఊళ్లో ఉన్న పెద్దవాళ్ల నంబరు జోలికి పోకండి. అడగని సేవలు ఏవైనా బిల్లులో కనిపిస్తే ఆ నంబరు నుంచే 155223కు చేసి తీయించండి, నేను ఈ ఉదయమే అత్తమ్మది తీయించాను.

ఆమె నంబరుకు 90 రోజులు నిండడానికి ఇంకా 14 రోజులుంది. అప్పటిదాకా పక్కింటి అమ్మాయి రోజూ పొద్దున, సాయంత్రం ఒకసారి వెళ్లి చూసి నాకు చెబుతానంది. ఆ దుకాణంలోనే ఈ ప్లాను తీసుకున్నవాళ్లు ఇంకెవరైనా ఉంటే మీ బిల్లులు తీసుకుని రండి, కమిషన్‌కు కలిసే వెళదాం.